మెడికల్ సీటు కోసం ఎదురుచూపులు, అర్హతల చిక్కులు: గోదావరి జిల్లాల తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

మే మొదటి ఆదివారం మెడికల్ ప్రవేశ పరీక్ష నీట్ రాసొచ్చిన పిల్లలున్న ఇంట్లో ఆ తర్వాత నెలల తరబడి ఒకటే మాట: "ఏమైనా తెలిసిందా?" అమలాపురం, తణుకు, భీమవరం, కాకినాడ వైపు బైపీసీ చెప్పే మాస్టార్లకు ఆ సీజన్లో ఫోన్ పక్కన పెట్టే వీలుండదు. అడిగేవాళ్ళు మారతారు గానీ ప్రశ్నలు పెద్దగా మారవు. తేదీలు, ఫీజులు, ఫారాల నమూనాలు మాత్రం ఏటా మారతాయి. వాటికి ఆ ఏడాది నోటిఫికేషనే ఆధారం కాబట్టి వాటి పట్టిక ఇక్కడ పెట్టలేదు. సీట్లు కేటాయించే కౌన్సెలింగ్ ఎప్పుడు మొదలవుతుందనేది మన చేతిలో లేదు. అది మొదలయ్యే లోపు సర్దుకోవాల్సిన కాగితాలు మాత్రం మన చేతిలోనే ఉన్నాయి. ఈ పేజీలో ఎక్కువ భాగం వాటి గురించే.

ఫలితాలొచ్చి నెల దాటింది. కౌన్సెలింగ్ ఇంకా ఎందుకు మొదలవలేదండీ?

ఒకరి పని అయితేగాని ఇంకొకరి పని మొదలవదు, అందుకని. పరీక్ష పెట్టి ఫలితం ఇచ్చేది ఎన్టీఏ. దేశం మొత్తం మీద ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం సీట్లు (ఆలిండియా కోటా) నింపేది ఢిల్లీలోని ఎంసీసీ. మన రాష్ట్రంలో మిగతా సీట్లు నింపేది విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం. ఏ కాలేజీలో ఈ ఏడాది ఎన్ని సీట్లున్నాయో తేల్చేది ఎన్ఎంసీ, అంటే జాతీయ వైద్య కమిషన్. ఆ లెక్క తేలకపోతే ఎవరూ కదలలేరు. పైగా ఒకే పిల్లకు ఆలిండియా కోటాలోనూ, రాష్ట్ర కోటాలోనూ సీటు రావచ్చు. కాబట్టి అక్కడి రౌండ్ ముగిసే తీరు చూసుకుని ఇక్కడి రౌండ్ నడుపుతారు. ఢిల్లీలో వారం వెనక్కి జరిగితే విజయవాడలోనూ ఆ మేరకు జరుగుతుంది.

వీటికి కోర్టు కేసులు తోడైతే ఇక చెప్పక్కర్లేదు. 2021 సెప్టెంబరు 12న పరీక్ష రాసినవాళ్ళకు నవంబరు 1న ఫలితాలొచ్చాయి. ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడిన ఓసీల) రిజర్వేషన్ల కేసు తేలేసరికి 2022 జనవరి వచ్చింది, ఎంసీసీ కౌన్సెలింగ్ ఆ నెలలో మొదలైంది. 2024లో జూన్ 4నే ఫలితాలిచ్చారు గానీ పేపర్ లీకు గొడవ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. మళ్ళీ పరీక్ష అక్కర్లేదని జూలై 23న కోర్టు చెప్పాక, 26న సవరించిన ఫలితాలు వచ్చి, ఆగస్టు మధ్యలో గానీ కౌన్సెలింగ్ మొదలవలేదు. ఆ రెండేళ్ళలోనూ సీట్లు నిండాయి, క్లాసులూ జరిగాయి. ఆలస్యమైందని సీట్లు తగ్గవు. కొత్త సీట్లకు అనుమతి రావడం కోసమే రౌండ్ ఆగిన సందర్భాలూ ఉంటాయి, అలాంటప్పుడు ఆగడమే పిల్లలకు మంచిది.

యూట్యూబ్‌లో "రేపే నోటిఫికేషన్" అని రోజూ చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళు అలా చెబుతూ పోతే ఏదో ఒక రోజు నిజమవుతుంది. మీరు చూడాల్సినవి రెండే: ఎంసీసీ వెబ్‌సైట్, ఆరోగ్య విశ్వవిద్యాలయం వెబ్‌సైట్. రోజుకోసారి చూస్తే చాలు.

ఈలోగా అగ్రికల్చర్ బీఎస్సీలోనో, ఫార్మసీలోనో సీటొస్తే చేరాలా, ఆగాలా?

ర్యాంకు చూసుకుని నిర్ణయించుకోవాలి. కిందటేడు కన్వీనర్ కోటాలో (తక్కువ ఫీజు సీట్లలో) మీ కేటగిరీకి చివరి సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చూడండి. మీ ర్యాంకు దానికి దగ్గరగా ఉన్నా, కాస్త అటూఇటూగా ఉన్నా అగ్రికల్చర్, ఫార్మసీ సీట్లకు పెట్టే ఈఏపీసెట్‌లో వచ్చిన సీటు వదులుకోవద్దనే నేను చెబుతాను. చేరినంత మాత్రాన నీట్ కౌన్సెలింగ్‌కు అనర్హులైపోరు.

చిక్కల్లా ఒరిజినల్స్ దగ్గరే. చేరినచోట టీసీ, ఇంటర్ మెమో, స్టడీ సర్టిఫికెట్లు తీసేసుకుంటారు. తర్వాత ఎంబీబీఎస్ సీటొస్తే రిపోర్ట్ చేయడానికి మూడు నాలుగు రోజులే గడువుంటుంది, అందులో ఒక ఆదివారం తగులుతుంది. అందుకే చేరేటప్పుడే ఆఫీసులో అడగండి: సీటు వదులుకుంటే ఒరిజినల్స్ ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఎంత కట్టాలి, ఎవరి సంతకం కావాలి. నోటిమాటగా చెబితే సరిపోదు, ప్రాస్పెక్టస్‌లో ఆ పేజీ చూపించమనండి. అన్ని సర్టిఫికెట్లూ రంగుల్లో స్కాన్ చేయించి ఫోన్‌లో ఒకటి, మెయిల్‌లో ఒకటి ఉంచుకోండి. కాలేజీకి ఇచ్చే ముందు జిరాక్సులు తీసి గెజిటెడ్ ఆఫీసర్‌తో అటెస్ట్ చేయించుకుంటే ఇంకా మంచిది.

మా అబ్బాయి పదో తరగతి వరకు రావులపాలెంలో చదివాడు. ఇంటర్ రెండేళ్ళూ హైదరాబాద్‌లో. ఆంధ్రాలో లోకల్ అవుతాడా మాస్టారూ?

ఈ పేజీలో అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సిన జవాబు ఇది. కోనసీమ నుంచి, పశ్చిమ డెల్టా నుంచి ఏటా ఎంతోమంది పిల్లలు ఇంటర్‌కు హైదరాబాద్ హాస్టళ్ళకు వెళతారు. చేర్పించేటప్పుడు ఫీజు అడుగుతారు, ఏసీ ఉందా అని అడుగుతారు, సెలవులెన్ని అని అడుగుతారు. లోకల్ సంగతి ఎవరికీ గుర్తురాదు.

రాజ్యాంగంలోని 371-డి కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం రాష్ట్ర కోటా సీట్లలో 85 శాతం లోకల్ అభ్యర్థులకు, 15 శాతం అన్‌రిజర్వ్‌డ్, అంటే లోకల్ కానివాళ్ళూ పోటీ పడగల సీట్లు. లోకల్ ఏరియాలు రెండు. ఆంధ్రా యూనివర్సిటీ ఏరియాలోకి పాత శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, తూర్పు, పశ్చిమ గోదావరి, కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాలు వస్తాయి. ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ) ఏరియాలో రాయలసీమ, నెల్లూరు. ఇంటర్ పరీక్ష మొదటిసారి రాసిన ఏడాదితో ముగిసేలా వరసగా నాలుగేళ్ళు ఏ ఏరియాలో చదివితే ఆ ఏరియాకు లోకల్. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు.

మీ అబ్బాయికి ఈ నాలుగేళ్ళ లెక్క మధ్యలో తెగింది. అలా తెగినవాళ్ళకు ఏడేళ్ళ లెక్క ఒకటుంది: ఆరో తరగతి నుంచి చూసి ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడికి లోకల్. కానీ ఆ సూత్రం ఏడేళ్ళూ రాష్ట్రంలోనే చదివినవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసింది. అది రాసేనాటికి హైదరాబాద్ మన రాష్ట్రంలోనే ఉండేది, ఇప్పుడు లేదు. ఉమ్మడి ప్రవేశాలకు విభజన చట్టం ఇచ్చిన పదేళ్ళ గడువు కూడా 2024 జూన్ 2తో ముగిసింది. కాబట్టి మీలాంటివాళ్ళు ఆ ఏడాది ప్రాస్పెక్టస్‌లో లోకల్ నిబంధన అక్షరం అక్షరం చదవాలి. అనుమానం మిగిలితే యూనివర్సిటీ హెల్ప్‌డెస్క్‌కు మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. పక్కింటి వాళ్ళబ్బాయికి కిందటేడు ఒప్పుకున్నారన్నది ఆధారం కాదు.

పోనీ తెలంగాణలో లోకల్ అవుతాడా అంటే, అక్కడా నాలుగేళ్ళ నిబంధనే. అది సరైనదేనని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు సమర్థించింది. అక్కడ ఇంటర్ రెండేళ్ళే చదివినవాళ్ళకు ఆ దారి లేదు.

మిగిలే దారుల్లో ఆలిండియా కోటా ఒకటి, దానికి లోకల్‌తో సంబంధం లేదు. రెండోది అన్‌రిజర్వ్‌డ్ 15 శాతం. తల్లిదండ్రుల్లో ఒకరు మొత్తం మీద పదేళ్ళు రాష్ట్రంలో నివాసం ఉన్నట్టు తహసీల్దార్ సర్టిఫికెట్ ఉంటే ఆ సీట్లకు పోటీ పడొచ్చు. ఆ సర్టిఫికెట్ జూన్‌లోనే తీసుకుని పెట్టుకోండి.

పదో తరగతిలో పిల్లలున్నవాళ్ళు ఇది చదువుతుంటే మీకు మాత్రం చెబుతున్నాను: విజయవాడ, గుంటూరు హాస్టళ్ళలో వేస్తే ఏ గొడవా లేదు, అవి మన ఏరియానే. హైదరాబాద్ పంపే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

స్టడీ సర్టిఫికెట్లు ఏ తరగతి నుంచి కావాలి?

ఆరు నుంచి ఇంటర్ వరకు. స్కూలు మారితే ప్రతి స్కూలు నుంచీ విడిగా. సర్టిఫికెట్ మీద విద్యా సంవత్సరాలు స్పష్టంగా ఉండాలి. "ఆరు నుంచి ఎనిమిది వరకు చదివెను" అని రాసి సంవత్సరాలు వేయకుండా ఇచ్చేసే హెడ్మాస్టర్లు ఇంకా ఉన్నారు. 2018-19, 2019-20 అని విడివిడిగా రాయించి, ఊరి పేరు, మండలం, స్కూలు గుర్తింపు నంబరు, గుండ్రటి ముద్ర, సంతకం, తేదీ అన్నీ ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. ముద్ర సగమే పడితే మళ్ళీ వేయించండి. మూతపడిపోయిన ప్రైవేటు స్కూళ్ళ రికార్డులు మండల విద్యాశాఖాధికారి ఆఫీసులో ఉండాలి. అది తిరుగుడు పని కాబట్టి ఫలితాల కోసం ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టండి.

సర్టిఫికెట్ల మీద తూర్పు గోదావరి అని ఉంది, ఇప్పుడు మాది కోనసీమ జిల్లా. మార్పించాలా?

అక్కర్లేదు. 2022 ఏప్రిల్ 4కు ముందు ఇచ్చిన కాగితాల మీద పాత జిల్లా పేరే ఉంటుంది, ఆ సంగతి పరిశీలించేవాళ్ళకు తెలుసు. లోకల్ ఏరియా లెక్క కూడా మారలేదు. అప్లికేషన్‌లో మాత్రం ఇప్పటి జిల్లా పేరు వేయండి.

పాప 2010 జనవరి 2న పుట్టింది. రెండు రోజులే కదా, 2026లో చేర్చుకోరా?

చేర్చుకోరు. చేరే ఏడాది డిసెంబరు 31కి 17 ఏళ్ళు నిండాలి. రెండు రోజులైనా, రెండు గంటలైనా సడలింపు లేదు. 2026 ప్రవేశాలకు 2009 డిసెంబరు 31 లోపు పుట్టి ఉండాలి. చిన్నప్పుడు ఒక క్లాసు ఎగరేసి చేర్పించినవాళ్ళకు ఈ ఇబ్బంది వస్తుంది. పై వయసు పరిమితిని మాత్రం 2022లో ఎత్తేశారు. ఎన్నిసార్లు రాయొచ్చన్నదానికీ హద్దు లేదు.

ఇంటర్‌లో ఫిజిక్స్ తప్పింది. సప్లీలో పాసైతే పనికొస్తుందా? అసలు ఎంత శాతం కావాలి?

అదే ఏడాది సప్లిమెంటరీలో పాసై, కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్ల పరిశీలన నాటికి మెమో చేతిలో ఉంటే పనికొస్తుంది. నీట్ మొదటిసారే పాసవ్వాలన్న నియమం ఏమీ లేదు, ఇంటర్‌కూ లేదు. సప్లీ ఫలితాలకు, కౌన్సెలింగ్‌కు మధ్య సాధారణంగా సమయం ఉంటుంది. ఆలస్యం వల్ల లాభపడేది వీళ్ళే.

శాతం దగ్గర చాలామంది పొరబడతారు. చూసేది మొత్తం వెయ్యి మార్కుల్లో వచ్చింది కాదు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కలిపి ఓసీలకు 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 40, ఓసీ దివ్యాంగులకు 45 శాతం రావాలన్నది ఏళ్ళ తరబడి ఉన్న నిబంధన, ఇప్పుడూ ఉందో లేదో ఆ ఏడాది ప్రాస్పెక్టస్‌లో చూసుకోండి. మన బోర్డు పాత మార్కుల పద్ధతిలో ఫిజిక్స్ 150, కెమిస్ట్రీ 150, బాటనీ 150, జువాలజీ 150, ప్రాక్టికల్స్ కలిపే. మొత్తం 600. ఆ నిబంధన లెక్కన అందులో ఓసీకి 300, బీసీకి 240 ఉండాలి. తెలుగు, సంస్కృతంలో 98 వచ్చినా ఇక్కడ లెక్కలోకి రాదు. ఇంగ్లిష్ పాసైతే చాలు, కానీ పాసవ్వాలి.

నీట్‌లో మంచి ర్యాంకు వచ్చి ఇంటర్‌లో 50 శాతం రాకపోవడం అరుదే గానీ జరుగుతుంది. లాంగ్ టర్మ్ కోచింగ్ మోజులో ఇంటర్ పరీక్షలను తేలిగ్గా తీసుకునే పిల్లల్లో చూస్తాం. ఇంప్రూవ్‌మెంట్ రాసుకునే అవకాశం ఉంటుంది, ఫీజు గడువు దాటకముందే తేల్చుకోండి.

మా వాడు ఎంపీసీ. ఇప్పుడు డాక్టర్ అవుతానంటున్నాడు.

అవొచ్చు. ఇంటర్ పాసైన తర్వాత బయాలజీని అదనపు సబ్జెక్టుగా రాసి పాసైనవాళ్ళు కూడా నీట్‌కు అర్హులేనని 2023 నవంబరులో ఎన్ఎంసీ స్పష్టం చేసింది. బయాలజీకి బదులు బయోటెక్నాలజీ ఉన్నా సరే. అంతకుముందు రెండేళ్ళ రెగ్యులర్ చదువు ఉండాలనేవారు, ఎంతోమంది ఇంజినీరింగ్‌లో చేరిపోయారు. అయితే బోర్డు నుంచి గుర్తింపు ఉన్న మెమో కావాలి, ఏదో ట్యుటోరియల్ ఇచ్చిన కాగితం చెల్లదు. నీట్‌లో 720 మార్కులకు 360 బయాలజీవే కాబట్టి రెండేళ్ళ బయాలజీని ఎనిమిది నెలల్లో మింగాలి. ఫిజిక్స్‌లో గట్టిపునాది ఉన్న ఎంపీసీ పిల్లలు ఆ పని చేయగలరు. ఫిజిక్స్‌తో పడలేక ఇటు వద్దామనుకునేవాళ్ళకు మాత్రం నేను వద్దనే చెబుతాను, ఎందుకంటే ఇక్కడా అదే ఫిజిక్స్ ఉంటుంది.

ఓపెన్ స్కూల్లో ఇంటర్ చేసినవాళ్ళు?

సీబీఎస్ఈ, రాష్ట్ర బోర్డుల గుర్తింపున్న ఓపెన్ స్కూళ్ళ నుంచి పాసైనవాళ్ళు అర్హులేనని 2024లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి తేలింది. స్టడీ సర్టిఫికెట్ ఉండదు కాబట్టి ఆ ఏళ్ళకు తహసీల్దార్ ఇచ్చే నివాస ధ్రువీకరణతో లోకల్ నిరూపించుకోవాలి.

ఆధార్‌లో ఇంటి పేరు పూర్తిగా ఉంది, పదో తరగతి మెమోలో పొడి అక్షరం. గొడవ అవుతుందా?

ప్రతి ఇంట్లోనూ ఇదే. మెమోలో "కె.వి.వి. సత్యవతి", ఆధార్‌లో "కొప్పిశెట్టి వీర వెంకట సత్యవతి", బ్యాంకు పుస్తకంలో "సత్యవతి కె." పెద్దవాళ్ళ మొక్కులన్నీ పిల్లల పేర్లలోకి చేరే ప్రాంతం కదా మనది, మూడు పదాల పేర్లు మామూలే. పొడి అక్షరాలు విప్పితే అదే పేరు వచ్చేటట్టుంటే సాధారణంగా పట్టించుకోరు. అక్షరం తేడా, పుట్టినతేదీ తేడా ఉంటే మాత్రం వదలొద్దు. అన్నిటికీ మూలం పదో తరగతి మెమో. ఆధార్‌ను దానికి తగ్గట్టు మార్పించుకోవడం సులువు, మెమోను ఆధార్‌కు తగ్గట్టు మార్పించడం ఏళ్ళు పట్టే పని. నీట్ అప్లికేషన్ ఫిబ్రవరి ప్రాంతంలో తెరుస్తారు కాబట్టి సంక్రాంతి సెలవులకు పిల్లలు ఇంటికొచ్చినప్పుడే ఆధార్ సెంటర్‌కు తీసుకెళ్ళండి. తండ్రి పేరు కూడా చూసుకోండి. మెమోలో "సత్యనారాయణ", కులధ్రువీకరణలో "సత్యనారాయణమూర్తి" అని ఉంటే రెండూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ ఒకటి దగ్గరుంచుకోవడం మంచిది.

నీట్ ఫీజు కట్టాం, డబ్బు కట్టయింది, కన్ఫర్మేషన్ పేజీ రాలేదు.

పేజీ రాకపోతే అప్లికేషన్ అందనట్టే. ఆ డబ్బు వెనక్కి వస్తుంది. ఆఖరి రోజైతే అది వచ్చేదాకా కూర్చోకుండా మళ్ళీ కట్టేయండి.

ఐదెకరాల కొబ్బరితోట ఉంది. ఈడబ్ల్యూఎస్ వస్తుందా? బీసీలకు ఇంకేదో సర్టిఫికెట్ కావాలంటున్నారు, అదేమిటి?

ఈ రెండూ వేర్వేరు లెక్కలు, కలిపేసుకుంటే కష్టం.

కేంద్రం నమూనాలో ఈడబ్ల్యూఎస్‌కు రెండు పరీక్షలు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుండాలి, ఇందులో జీతం, వ్యాపారం, వ్యవసాయం అన్నీ కలుస్తాయి. రెండోది ఆస్తి. ఐదెకరాలు, అంతకు మించి సాగుభూమి ఉంటే ఆదాయం ఎంత తక్కువైనా రాదు. సరిగ్గా ఐదెకరాలున్నా రాదు, నాలుగెకరాల తొంభై సెంట్లుంటే వస్తుంది. వెయ్యి చదరపు అడుగులు, అంతకు మించిన ఫ్లాటు, మున్సిపాలిటీలో వంద గజాల స్థలం కూడా అడ్డమే. కుటుంబం అంటే పిల్లవాడు, తల్లిదండ్రులు, పద్దెనిమిదేళ్ళలోపు తోబుట్టువులు. తాతగారి పేరున ఉన్న భూమి ఇంకా పంపకం కాకపోతే మీ లెక్కలోకి రాదు. భీమవరం, ఉండి వైపు చేను చెరువుగా మారినవాళ్ళు ముందే తహసీల్దార్ ఆఫీసులో అడిగి తేల్చుకోండి. రొయ్యల రేటు బాగున్న ఏడాది ఆదాయం దగ్గరే ఆగిపోవచ్చు.

బీసీల విషయానికొస్తే, రాష్ట్ర కౌన్సెలింగ్‌కు ఎ, బి, సి, డి, ఇ గ్రూపు రాసిన కులధ్రువీకరణ చాలు. ఆలిండియా కోటాకు అది చెల్లదు. కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (బీసీల్లో సంపన్న వర్గం కాదనే) సర్టిఫికెట్ కావాలి, మీ కులం కేంద్ర జాబితాలోనూ ఉండాలి. అక్కడ 8 లక్షల ఆదాయ పరీక్షలో జీతాన్ని, వ్యవసాయ ఆదాయాన్ని కలపరు. ఈ తేడా తెలియక టీచర్ల పిల్లలు, రైతుల పిల్లలు మాకు రాదులే అని ఓపెన్ కేటగిరీలో పెట్టుకుని ర్యాంకు పాడుచేసుకుంటారు. అయితే ఉద్యోగి హోదాను బట్టి వేరే నియమాలున్నాయి, పెద్ద హోదాలో చేరినవాళ్ళ పిల్లలకు రాదు.

ఈ రెండు సర్టిఫికెట్లూ ఆర్థిక సంవత్సరాన్ని బట్టి చెల్లుతాయి. ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నవే ఆ ఏడాది కౌన్సెలింగ్‌కు పనికొస్తాయి. గ్రామ సచివాలయంలో అర్జీ పెడితే వీఆర్వో, ఆర్ఐ, తహసీల్దార్ ముగ్గురి దగ్గరా ఆగుతూ వెళ్ళాలి. అర్జీ నంబరు రాసుకుని ఎవరి లాగిన్‌లో ఆగిందో అడుగుతుండండి. ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకుంటే నెమ్మదిగా వచ్చేస్తుంది. జూలై ఆఖరున పెడితే ఏమవుతుందో కింది ప్రశ్నలో ఉంది.

మాది లంక గ్రామం. వరదొస్తే కరెంటుండదు, సిగ్నలుండదు. ఏ కాలేజీలు కావాలో ఆన్‌లైన్‌లో ఇచ్చే వెబ్ ఆప్షన్లు ఎలా పెట్టాలి?

గోదావరికి, కౌన్సెలింగ్‌కు సీజన్ ఒకటే. 2022లో అయితే నీట్ పరీక్షే జూలై 17న పడింది. ఆ రోజుల్లోనే ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. 17 లక్షలకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. లంకల్లో ఉన్నవాళ్ళు పడవెక్కి గట్టుకు రావాల్సిన రోజులవి.

అలాంటి రోజుల్లో సచివాలయం సిబ్బంది, వీఆర్వోలు అందరూ పునరావాస కేంద్రాల పనిలో ఉంటారు. మీ ఈడబ్ల్యూఎస్ అర్జీ ఎవరికీ గుర్తుండదు, వాళ్ళను తప్పుపట్టలేం. అందుకని జూన్ దాటనీయకండి. మొదటి హెచ్చరిక ఎగరేసిన రోజే సర్టిఫికెట్ల ఫైలు రెండు ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, పిల్లతో పాటు అమలాపురంలోనో, రాజోలులోనో చుట్టాలింట్లో దించేయండి. ఆప్షన్ల జాబితా కాగితం మీద ముందే రాసి పెట్టుకోండి. లాగిన్ వివరాలు, ఓటీపీ వచ్చే ఫోన్ రెండూ పిల్ల దగ్గరే ఉండాలి. ఓటీపీ వచ్చే సిమ్ నాన్న ఫోన్‌లో ఉండి, ఆయన లంకలో పశువుల దగ్గర ఉండిపోతే, పట్నంలో ఎంత మంచి నెట్ సెంటరున్నా ఉపయోగం లేదు. ఆప్షన్లు మొదటి రోజే పెట్టి సేవ్ చేయండి. గడువులోగా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. వరద కారణంగా మీ ఒక్కరికి గడువు పెంచరు.

మా ఆవిడ కువైట్‌లో పనిచేస్తుంది. ఎన్ఆర్ఐ సీటు వస్తుందా?

సి కేటగిరీకి (ఎన్ఆర్ఐ కోటాకు) కావలసిన కాగితాలు ఇవ్వగలిగితే అర్హత ఉంటుంది: పాస్‌పోర్ట్, వీసా లేదా అక్కడి నివాస గుర్తింపు, అక్కడి ఉద్యోగానికి ఆధారం, ఎన్ఆర్ఐ బ్యాంకు ఖాతా, బంధుత్వానికి రుజువు. అర్హత కంటే ముందు ఫీజు చూసుకోండి. ప్రైవేటు కాలేజీల్లో సీట్లు కన్వీనర్ కోటా 50, బి కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా) 35, సి కేటగిరీ 15 శాతంగా ఉంటాయి, ఆ చివరి 15 శాతానికే అన్నిటికంటే ఎక్కువ ఫీజు. గల్ఫ్‌లో ఇంటిపని చేసి పంపే డబ్బుతో తూగే ఫీజు కాదది. కన్వీనర్ ర్యాంకుకు దగ్గరలో ఉన్న పిల్లైతే ఇంకో ఏడాది చదివించడమే నయం.

ఇదే సందర్భంలో ఒక మాట. రాజమహేంద్రవరం, ఏలూరుల్లో 2023లో వచ్చిన కొత్త ప్రభుత్వ కాలేజీల్లో అన్నీ తక్కువ ఫీజు సీట్లే అనుకోకండి. మొదలైనప్పుడే వాటిలోనూ బి, సి కేటగిరీలు పెట్టారు. ఆప్షన్ పెట్టేటప్పుడు ఏ కోటా కింద పెడుతున్నారో చూసుకోండి.

కిందటేడు వచ్చిన ర్యాంకుతో ఈ ఏడాది చేరొచ్చా?

ఇక్కడ చేరడానికి ఆ ఏడాది ర్యాంకే చెల్లుతుంది. విదేశాల్లో చదవడానికైతే నీట్ అర్హత మూడేళ్ళు పనికొస్తుంది. లాంగ్ టర్మ్‌లో గడిచిన ఏడాదికి గ్యాప్ అఫిడవిట్ రాయించుకుంటే సరిపోతుంది, గ్యాప్ వల్ల సీటు ఆగదు.

తెలుగు మీడియం వాళ్ళు తెలుగులో రాయొచ్చా?

రాయొచ్చు. తెలుగు ఎంచుకుంటే ప్రశ్నపత్రం తెలుగు, ఇంగ్లిష్ రెండింటిలో ఇస్తారు. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్ ప్రశ్నే ప్రామాణికం కాబట్టి అనుమానమొచ్చిన చోట పక్కనున్నదీ చదవమనండి.

కౌన్సెలింగ్ ఆలస్యమవుతోంది కదా, ఈలోగా సీటు బ్లాక్ చేయిస్తామని ఒకాయన ఫోన్ చేశాడు.

పెట్టేయండి ఫోను. బి కేటగిరీ సీటు కూడా నీట్ ర్యాంకుతో, యూనివర్సిటీ కౌన్సెలింగ్ ద్వారానే వస్తుంది. బ్లాక్ చేయడానికి ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు. ఇలాంటి ఫోన్లు కౌన్సెలింగ్ జరుగుతున్నప్పటి కంటే ఆగినప్పుడు ఎక్కువ వస్తాయి, ఎందుకంటే టెన్షన్‌లో ఉన్నవాళ్ళే అడ్వాన్సు ఇస్తారు. పంట మీద అప్పు తెచ్చి ఇచ్చి, తర్వాత పరువుకు జంకి కేసు కూడా పెట్టనివాళ్ళు మన చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్నారు.

ఆలస్యం భరించలేక విదేశాలకు పంపేద్దామనుకుంటున్నాం.

ఆలస్యం వల్ల అయితే పంపొద్దు. ఫీజు లెక్క చూసుకుని అయితే ఆలోచించండి. ఎన్ఎంసీ 2021 నవంబరు నిబంధనల ప్రకారం అక్కడ కనీసం 54 నెలల కోర్సు, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్, ఇంగ్లిష్‌లో బోధన, ఆ దేశంలో ప్రాక్టీసుకు అర్హత ఇవన్నీ ఉండాలి. తిరిగొచ్చాక, విదేశాల్లో మెడిసిన్ చదివినవాళ్ళకు పెట్టే ఎఫ్ఎంజీఈ పరీక్షలో 300కు 150 తెచ్చుకోవాలి. ఏజెంటు ఇచ్చే రంగుల పుస్తకంలో ఈ నాలుగూ ఉన్నాయేమో వెతకండి. అలాగే నీట్‌లో అర్హత సాధించనివాళ్ళను పంపితే ఆ డిగ్రీతో ఇక్కడ ప్రాక్టీసు చేయలేరు.

ఎంబీబీఎస్ రాకపోతే బీడీఎస్, ఆయుర్వేదం, హోమియో కూడా ఇదే నీట్ ర్యాంకుతో ఉన్నాయి. భీమవరంలో, అమలాపురంలో డెంటల్ కాలేజీలు, రాజమహేంద్రవరంలో ప్రభుత్వ హోమియో కాలేజీ ఉన్నాయి. వాటి కౌన్సెలింగ్ ఇంకా ఆలస్యంగా నడుస్తుందని ముందే తెలుసుకుని ఉండండి.

మొదటి రౌండ్‌లో అమలాపురం ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ సీటొచ్చింది. కాకినాడ రంగరాయ కోసం ఆగొచ్చా?

చేరి ఆగండి, చేరకుండా ఆగొద్దు. గడువులో రిపోర్ట్ చేసి, తర్వాతి రౌండ్‌లో ఇంతకంటే నచ్చిన కాలేజీలకే ఆప్షన్లు పెట్టుకోవచ్చు. పైది వస్తే కిందిది దానంతటదే పోతుంది, మళ్ళీ కావాలన్నా రాదు. కాబట్టి ఇప్పుడున్నదాని కంటే నిజంగా మెరుగనుకున్నవే పెట్టండి. ఫీజు, ఇంటి నుంచి దూరం, ఆసుపత్రికి వచ్చే రోగుల సంఖ్య ఈ మూడూ చూసుకోండి. రంగరాయ 1958 నుంచి ఉన్న కాలేజీ, పక్కనే పెద్ద ప్రభుత్వాసుపత్రి, ఉభయ గోదావరి జిల్లాల రోగులూ అక్కడికే వెళతారు. ఆశపడటంలో తప్పులేదు.

ఆఖరి రౌండ్ల సంగతి మాత్రం వేరు. ఎంసీసీ మొదటి రౌండ్‌లో వచ్చిన సీటు వదులుకున్నా నష్టం లేదు. తర్వాత వదిలితే డిపాజిట్ పోతుంది. మిగిలిపోయిన సీట్లు నింపే ఆఖరి స్ట్రే రౌండ్‌లో ఇచ్చిన సీటులో చేరకపోతే డిపాజిట్ పోవడంతో పాటు మరుసటి ఏడాది పరీక్షకు కూడా అనర్హులవుతారు. స్ట్రే రౌండ్‌కు వచ్చేసరికి "చూద్దాం, వస్తే వస్తుంది" అని దూరప్రాంతపు కాలేజీలకు ఆప్షన్లు పెట్టేస్తుంటారు. ఆ రౌండ్‌లో చేరేవాటికే పెట్టండి. డీమ్డ్ యూనివర్సిటీల (వీటి సీట్లూ ఎంసీసీయే నింపుతుంది) డిపాజిట్ రెండు లక్షలు, అది కట్టే ముందు వాటి ఏడాది ఫీజు ఒకసారి తెరిచి చూడండి.